జీతాలు లేని చోట ఎవరి మాట చెల్లుతుంది?

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)



ఐటీ విభాగంలో ఉన్నాను కదా అని నన్ను సైబర్ మోసాల మీద మాట్లాడమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఆ ప్రసంగం అయిపోయింది. మిగిలిన సమయంలో మా అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న గురించి చెబుతాను.

అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. పైథాన్ నేర్చుకుంటోంది. కంప్యూటర్‌తో పని చేయించడానికి రాసే భాష అది, ఇక్కడున్న పిల్లల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. పాముకూ దానికీ సంబంధం లేదు, బీబీసీలో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం పేరులోంచి తీసుకున్నారు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు. ఇలాంటివాటిని ఓపెన్ సోర్స్ అంటారు. చేసేవాళ్లలో చాలామంది ఇష్టం కొద్దీ, రాత్రిపూట, ఆదివారాలు కూర్చుని చేస్తారు. "మరి అక్కడ బాస్ ఎవరు నాన్నా? ఎవరి మాట ఎవరు వింటారు?" అని అడిగింది.

మేనేజ్‌మెంట్ చదివినవాణ్ణి, చెప్పగలననే అనుకున్నాను. మనకు సర్క్యులర్ పైనుంచి వస్తుంది. నచ్చకపోయినా పాటిస్తాం. జీతం, ప్రమోషన్, బదిలీ అన్నీ ఆ పైనే ఉన్నాయి కాబట్టి. అక్కడ ఆ మూడూ లేవు. నచ్చనివాడు రేపటినుంచి రాడు. మరి నిర్ణయాలు ఎలా జరుగుతాయి? నాకూ తెలియదని అప్పుడు తెలిసింది. కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

మొదట నాకు నచ్చింది అపాచీ వాళ్ల పద్ధతి. వెబ్‌సైట్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో మొదలై, 1999లో ఫౌండేషన్‌గా ఏర్పడిన సంస్థ అది. ఏదైనా ప్రతిపాదన వస్తే వాళ్లు అంకెలతో అభిప్రాయం చెబుతారు. +1 అంటే సరే. 0 అంటే పట్టింపు లేదు. -1 అంటే వద్దు. మధ్యలో భిన్నాలు కూడా వాడతారు. -0.5 అంటే నచ్చలేదు గానీ అడ్డుపడను అని. మన ఇళ్లలో పెళ్లి సంబంధాలప్పుడు మేనమామలు చెప్పే అభిప్రాయం సరిగ్గా ఇదే.

అసలు సంగతి -1లో ఉంది. ప్రోగ్రామ్‌లో మార్పు విషయంలో, ఓటు హక్కున్నవాళ్లలో ఒక్కరు వద్దన్నా ఆ మార్పు ఆగిపోతుంది. మిగతా అందరూ +1 అన్నా సరే. కానీ వద్దన్నవారు సాంకేతిక కారణం చూపాలి. కారణం లేని -1 చెల్లదు. ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, అయితే దానికి మామూలుగా 72 గంటల గడువిస్తారు. ఒకరికి పగలైతే ఇంకొకరికి రాత్రి, పైగా ఎవరి ఉద్యోగాలు వాళ్లకుంటాయి. మౌనాన్ని అంగీకారం అనుకోవాలంటే ముందు చదువుకునే వ్యవధి ఇవ్వాలి కదా.

ఇది చదువుతుంటే నాకో పాత సంగతి గుర్తొచ్చింది. ఆఫీసరుగా చేరిన కొత్తలో మా బ్రాంచిలో మరమ్మతులు జరిగాయి. పెన్షన్ కౌంటరును మేడమీదకు మార్చాలనుకున్నారు. మీటింగులో "అందరికీ ఓకేనా?" అన్నారు. ఐదు సెకన్లు. లిఫ్టు లేదని, మెట్లు నిటారుగా ఉంటాయని నాకు తెలుసు. అయినా తలూపాను. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన ఒక పెద్దావిడ కింద మెట్టు మీదే కూర్చుండిపోయి, "బాబూ, ఆ కాగితం నువ్వే కిందకి తేగలవా?" అని అడిగింది. తెచ్చాను. రెండు నెలల తర్వాత కౌంటరు కూడా కిందకి వచ్చింది. మినిట్స్‌లో మాత్రం "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఉంది. ఆ ఏకగ్రీవంలో నేనూ ఉన్నాను.

ఇక పైథాన్ కథ. దాన్ని 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టింది నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రోసమ్. 1991లో బయటికి వదిలారు. సాయం చేసేవాళ్లు దేశదేశాలనుంచీ చేరారు. ఆయనకు సరదాగా ఒక బిరుదిచ్చారు: జీవితకాలపు దయగల నియంత. పేరుకు నియంతే గానీ, భాషలో పెద్ద మార్పు కావాలంటే ఎవరైనా సరే పెప్ అనే ప్రతిపాదన పత్రం రాయాలి. ఏం మార్పు, ఎందుకు, వేరే దారులేమున్నాయి, వాటిని ఎందుకు వద్దనుకున్నారు అని. దానిమీద అందరూ వాదించుకుంటారు. తేల్చవలసినప్పుడు గిడో తేలుస్తారు. తిరస్కరించిన పత్రాలను కూడా పారేయరు. పదేళ్ల తర్వాత ఎవరైనా అదే ఆలోచనతో వస్తే తీసి చూపిస్తారు. మన దగ్గర మంజూరైన ఫైలు దొరుకుతుంది. ఒక ఆలోచనను ఎందుకు వద్దనుకున్నామో చెప్పే కాగితం దొరకాలంటే ఆ రోజు మీటింగులో ఉన్నవాళ్లు రిటైరవకుండా ఉండాలి.

2018లో 572వ నంబరు పత్రం వచ్చింది. చూడబోతే చాలా చిన్న విషయం. ఒక విలువకు పేరు పెట్టి, అదే చోట దాన్ని వాడుకోవడానికి ఒక కొత్త గుర్తు. రెండు చుక్కలు, పక్కన సమాన గుర్తు. తల పక్కకు వంచి చూస్తే వాల్రస్ అనే సముద్ర జంతువు కళ్లూ కోరల్లా ఉంటుందని దానికి ఆ పేరే పడింది. కోడు పొట్టిగా వస్తుందని కొందరు, చదవడం కష్టమవుతుందని కొందరు. వందల ఈమెయిళ్లు నడిచాయి. గిడో కూడా ఆ పత్రం రాసినవారిలో ఒకరు. చివరికి ఆమోదించారు. అంటే ఆయనే నెగ్గారు.

నెగ్గాక, జూలై 12న, ఒక సందేశం పంపారు. ఒక ప్రతిపాదన కోసం ఇంత పోట్లాడి, తన నిర్ణయాలంటే ఇంతమందికి పడదని తెలుసుకోవడం మరోసారి తనవల్ల కాదని, తేల్చే బాధ్యత నుంచి తప్పుకుంటున్నానని, వారసుణ్ణి కూడా నియమించనని దాని సారాంశం. ఇంటి పెద్దాయన తాళాల గుత్తి బల్లమీద పెట్టి వసారాలోకి వెళ్లి కూర్చున్నట్టు. గెలిచిన మనిషి ఎందుకు వెళ్లిపోతాడని నేను చాలాసేపు ఆలోచించాను. ఓడినవాళ్లు పద్ధతి మీద కాక తన మీద కోపం పెట్టుకున్నారు. అన్నీ ఒక్కరే తేలుస్తుంటే అంతే మరి, ప్రతి -1 ఆ ఒక్కరికే తగులుతుంది.

తర్వాతి నెలల్లో పని ఆగలేదు. ఇకముందు ఎలా నడవాలో చెబుతూ ఏడు నమూనాలు రాశారు. మళ్లీ ఒక్కరే ఉండాలని ఒకటి, ముగ్గురుండాలని ఒకటి, అసలు పాలకమండలే వద్దని ఇంకొకటి. డిసెంబరులో ఓటింగ్. ఒక్కదానికే ఓటేసి ఊరుకోవడం కాదు, ఇష్టాన్నిబట్టి వరుస పెట్టాలి. "ఇంకా చర్చిద్దాం" అన్నదీ బ్యాలెట్‌లో ఉంది. ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ నమూనా నెగ్గింది. ఒకే సంస్థలో పనిచేసేవాళ్లు అందులో ఇద్దరికి మించకూడదు. స్వచ్ఛందం అంటున్నాం గానీ, కంపెనీలు జీతమిచ్చి ఈ పనికే కూర్చోబెట్టినవాళ్లూ ఉంటారు మరి. కౌన్సిల్ తన అధికారాలను వీలైనంత తక్కువగా వాడాలని కూడా రాసుకున్నారు. మన డెలిగేషన్ పుస్తకంలో అలాంటి వాక్యం నాకింకా కనబడలేదు.

ఎంతకీ కుదరకపోతే వేరు కాపురం ఉండనే ఉంది. కోడు అందరిదీ కాబట్టి ఒక ప్రతి తీసుకుని విడిపోవచ్చు. మనలో కొందరు వాడే లిబ్రే ఆఫీస్ 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి అలా విడిపోయిందే.

అక్కడ అంతా బాగుందని నేననను. వందల ఈమెయిళ్ల వాదనలో ఖాళీ సమయం ఎక్కువున్నవాడిదే పైచేయి. పసిపిల్లను పడుకోబెట్టి రాత్రి పదకొండుకు కంప్యూటర్ తెరిచే తల్లి మాట అక్కడ ఎంతవరకు వినబడుతుంది? ఓటు హక్కు కూడా, పనిచేసి నమ్మకం సంపాదించిన కొద్దిమందికే.

అయినా ఒక్కటి తెచ్చుకున్నాను. నా విభాగంలో "అందరికీ ఓకేనా?" అనడం మానేశాను. నోట్ మూడు రోజుల ముందు పంపుతాను. అభ్యంతరం కారణంతో సహా రాయాలి, అది మినిట్స్‌లోకి ఎక్కుతుంది. మొదటి రెండుసార్లు ఎవరూ రాయలేదు. మూడోసారి కొత్తగా వచ్చిన ప్రొబేషనరీ ఆఫీసర్ రాసింది. నెలాఖరు ముందు రాత్రి సిస్టమ్ అప్‌డేట్ పెడదామని నా ప్రతిపాదన. ఏదైనా తేడా వస్తే పొద్దున్నే పెన్షన్లు జమకావని ఆ అమ్మాయి కారణం. ఒప్పుకోవడానికి మనసు రాలేదు, నిజం చెబుతున్నాను. సాయంత్రం దాకా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, తేదీ మార్చాను.

మొన్న మా అమ్మాయి ల్యాబ్ పని చేసుకుంటుంటే తెరమీద ఆ వాల్రస్ గుర్తు కనబడింది. కథంతా చెప్పాను. "దీనికా అంత గొడవ?" అంది. కాసేపు దాన్నే చూసి, "నేనైతే -0.5" అంది.