ఎండగల తీరము, రెండు కాగితములు



ఎండకొరకు ఊరు విడిచి పోవువారు లోకమున కలరు. తమ దేశపు చలికి తాళలేని ఆంగ్లేయ ధనికులు వెనుక మధ్యధరా సముద్రతీరమునందలి నీస్ పట్టణమునకు పోయి చలికాలము గడుపుచుండిరి. విక్టోరియా రాణి 1895 మొదలు 1899 వరకు ఏటేట అచ్చట విడిది చేసినది.

రామగుండము వేసవిని ఎరిగిన మనకు ఎండ కరవు లేదు. అయినను మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలనుండి వేలకొలది యువకులు మరియొక ఎండ తీరమునకు పోవుచున్నారు. అది పారశీక సింధుశాఖ తీరము. అందు మనవారి నోట ఎక్కువగా వినబడునది దుబాయి. అచ్చట 1966లో చమురు బయటపడినది. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట ఆ తీరమంతట మేడలు, రేవులు, బాటలు లేచినవి. వానిని కట్టుటకు చేతులు కావలసివచ్చెను. వానను నమ్ముకొనిన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములవారు ఆ పిలుపు నందుకొనిరి. ఆ కష్టార్జితముతో మన ఊళ్లలో ఇండ్లు లేచినవి, ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. ఇది కాదనరాని మేలు.

కాని ఆ తీరము వచ్చినవారినందరిని ఒకే కంట చూడదు. మార్గశిర పుష్యములలో సముద్రపుటొడ్డును చూడవచ్చినవానికి ఎండ వేడుక. పనివానికి అదే ఎండ గండము. అందుచేతనే ఐక్య అరబ్బు ఎమిరేట్ల ప్రభుత్వము జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని నిర్బంధించినది. ఇద్దరి కాగితములును వేరు. చూడవచ్చినవానిది విజిట్ వీసా. దానితో చూచి రావచ్చును, పని చేయరాదు.

ఈ భేదమును నేను ఆలస్యముగా తెలిసికొంటిని. కొన్నియేండ్ల క్రిందట మా వాడకట్టు పిల్లవాడొకడు దుబాయి ప్రయాణమునకు అప్పు చేసెను. నోటుపై సాక్షి సంతకము నాది. వడ్డీ యెంతయని అడిగితిని, గడువెప్పుడని అడిగితిని, వీసా యేదని అడుగనైతిని. వాడు పోయినది విజిట్ వీసాపై. గడువు తీరిన పిమ్మట దాగి పని చేసెను. కూలి ఎగవేసినను ఫిర్యాదు చేయుటకు భయపడెను. తుదకు వట్టిచేతులతో తిరిగివచ్చెను. తండ్రి ఎకరము పొలము అమ్మి అప్పు తీర్చెను. ఆయన నన్ను ఒక్కమాటయు అనలేదు. అదియే నన్ను నేటికిని బాధించుచున్నది.

మన దేశమున 1983నాటి వలసల చట్టము కలదు. దానిప్రకారము విదేశములకు పనివారిని పంపు ఏజంటు ప్రభుత్వమువద్ద నమోదై యుండవలయును. పదవతరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫుదేశములకు పనికి పోవుటకు సాధారణముగా ప్రభుత్వానుమతి పొందవలయును. ఆ అనుమతితోపాటు పది లక్షల రూపాయల ప్రమాద బీమా ఉండును. విజిట్ వీసాపై పోయి పనిలో చేరినవానికి ఈ రక్షణ లేదు.

పెద్దలారా! మన ఊళ్లలో అప్పు పుట్టునది మీ సంతకముపై. కావున కలము పట్టుటకు ముందు మూడు మాటలు అడుగుడు: ఇది పనికిచ్చిన వీసాయేనా? పని, జీతము వ్రాసిన ఒడంబడిక యేది? ఏజంటు నమోదు సంఖ్య యెంత? కాగితము మీకు తెలియని భాషలో నున్నచో తెలిసినవారిచేత చదివించుడు. జవాబు రానిచో కలము క్రింద పెట్టుడు. పిల్లవానికి ఆ పూట మీపై కోపము వచ్చును, రానిండు. వాని తండ్రికి పొలము మిగులును.

సెలవు.