అడిగాకే చెయ్యి వేద్దాం

బస్టాండులోనో, గుడి దగ్గరో చక్రాల కుర్చీలో ఉన్నవారు కనిపిస్తే సాయం చేయాలని మనలో చాలామందికి అనిపిస్తుంది. మంచి మాటే. కానీ వెనక నుంచి వచ్చి కుర్చీ నెట్టేయకండి. ఆ కుర్చీ వాళ్లకు ఒంట్లో భాగం లాంటిది. చెప్పకుండా కదిపితే వేళ్లు చక్రంలో పడొచ్చు, మనిషి ముందుకు తూలిపోవచ్చు.

ఎదురుగా వచ్చి, "ఏమైనా సాయం కావాలాండీ?" అని అడగండి. పక్కనున్నవారిని కాదు, వారినే. వద్దంటే నొచ్చుకోకండి. కావాలంటే ఎలా పట్టుకోవాలో వాళ్లనే చెప్పమనండి.

అసలు జాగ్రత్త మెట్టు దగ్గర. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుగా కింద ఆనేలా మెల్లగా దించాలి. బాగా ఏటవాలుగా ఉన్న చోట కూడా ఇంతే. కుర్చీ ఎత్తాల్సి వస్తే చేతులు ఆనించే కమ్మీలు, పాదాల పలకలు పట్టుకోవద్దు. చాలా కుర్చీల్లో అవి ఊడి చేతికొస్తాయి. గట్టి ఫ్రేమునే పట్టుకోవాలి. ఆగగానే బ్రేకులు వేయాలి.

నిజానికి దారులు బాగుంటే ఈ ఎత్తడాలు, దించడాలు చాలావరకు అక్కర్లేదు. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవున ర్యాంపు ఉండాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి. ప్రజలు వచ్చిపోయే భవనాల్లో ఇలాంటి సౌకర్యాలు ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంటోంది. తీరా ర్యాంపు కట్టిన చోట దానికి అడ్డంగా బైకులు నిలబెడుతున్నాం. దయచేసి మీ బండి అక్కడ పెట్టకండి. ఎవరైనా పెట్టి ఉంటే తీయించండి.