చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్‌కు మంచిదేనా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎవరి వృత్తిలో నేర్చుకున్న సంగతి వాళ్ళు పది నిమిషాల్లో చెప్పమన్నారు నిర్వాహకులు. నాది కార్ల ఇంజిన్లు విప్పి బాగుచేసే పని. ఈ గ్రౌండులో ఆగి ఉన్న కార్లలో చాలావాటికి టర్బో ఉంటుంది. అలాంటి కార్లవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే: "మన ఎండలకు కాస్త చిక్కటి ఆయిల్ పోస్తే మంచిది కదా? ప్రెషర్ కూడా పెరుగుతుందట!"

ప్రెషర్ పెరిగే మాట నిజమే. అది మేలు చేస్తుందా అన్నదే ప్రశ్న.

పదో తరగతిలో ఓం నియమం చదువుకున్నాం. కరెంటును నిరోధంతో గుణిస్తే వోల్టేజి వస్తుంది. ఇంజిన్‌లో ఆయిల్ లెక్కా దాదాపు అంతే. వోల్టేజి చోట ప్రెషర్, కరెంటు చోట ఆయిల్ ప్రవాహం పెట్టుకోండి. బేరింగుల సన్నటి సందులు, ఆయిల్ చిక్కదనం కలిసి నిరోధం. చిక్కటి ఆయిల్ ఆ సందుల్లోంచి తేలిగ్గా దూరదు కాబట్టి గేజ్ ముల్లు పైకి లేస్తుంది. అంతేగానీ బేరింగుకు ఎంత ఆయిల్ అందిందో ఆ ముల్లు చెప్పదు. పైగా ప్రెషర్ హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని కొంత ఆయిల్‌ను వెనక్కి మళ్ళిస్తుంది. అప్పుడు గేజ్ నిండుగా కనిపిస్తుంది, బేరింగులకు వెళ్ళేది మాత్రం తగ్గుతుంది.

టర్బోకు ఇది మరీ ముఖ్యం. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. చాలా కార్లలో ఆ ఇరుసు ఆయిల్ పొర మీదే తేలుతూ ఉంటుంది. ఒక పక్క సైలెన్సర్ వైపు వెళ్ళే మండే పొగ. ఆ వేడిని మోసుకుపోవలసిందీ ఆయిలే. అది రావలసింది సన్నటి గొట్టంలోంచి. పొద్దున్నే బండి స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే టర్బోకు అంత ఆలస్యంగా చేరుతుంది.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్, చలిలో ఆయిల్ నడక. రెండో అంకె వేడెక్కాక ఉండే స్నిగ్ధతకు గుర్తు. 30 రకం 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్సుల మధ్య ఉండాలి, 50 రకమైతే 16.3 పైన. మామూలు నీళ్ళు సుమారు 1. అదే 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 60 చుట్టుపక్కల ఉంటుంది. అంటే మన ఊళ్ళో పొద్దుటిపూట కూడా ఆయిల్ కావలసిన దానికన్నా చిక్కగానే ఉంటుంది. మైనస్ 20లో కారు తీసే అమెరికా మిత్రులకు మొదటి అంకె విలువ వేరే చెప్పక్కర్లేదు.

మరి రెంటచింతల ఎండ సంగతి? బయట 45 డిగ్రీలున్నా, ఇంజిన్ నీళ్ళను థర్మోస్టాట్ 90 ప్రాంతంలో ఉంచుతుంది. ఆయిల్ 100కు అటూ ఇటూ తిరుగుతుంది. ఆ వేడిని లెక్కలోకి తీసుకునే కంపెనీ గ్రేడు చెబుతుంది. పలచనైతే చాలని నేననడం లేదు. మరీ పలచనైతే పొర తెగి లోహం లోహాన్ని రాసుకుంటుంది. మాన్యువల్లో వేడి ప్రాంతాలకు చిక్కటి గ్రేడు ఇచ్చి ఉంటే నిక్షేపంగా వాడండి. ఇవ్వకపోతే సొంత వైద్యం వద్దు.

మా షెడ్డుకు ఒక టాక్సీ వచ్చింది. కారు మీద ఇంకా వాయిదాలు కడుతున్నాడు పాపం. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమంటే, ఎవరో 20డబ్ల్యూ-50 పోసి పంపారట. లైటు ఆరిపోయింది. నాలుగు నెలలకు ఇంజిన్ కొట్టుకోవడం మొదలైంది. విప్పితే బేరింగులు రాగి కనబడేంతగా అరిగాయి, ఆ పొడి టర్బోను కూడా గీసేసింది. లైటు వెలిగిన రోజే విప్పి ఉంటే బేరింగులు మారిస్తే సరిపోయేది. ఇప్పుడు క్రాంక్ షాఫ్టు, టర్బో కూడా పోయాయి. చిక్కటి ఆయిల్ జబ్బును నయం చేయలేదు, రోగి నోరు నొక్కేసింది.

కాబట్టి ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. చాలా కార్లలో అది వెలిగేది ప్రెషర్ బాగా పడిపోయాకే. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ సరిగా ఉంటే మెకానిక్‌తో విడిగా గేజ్ పెట్టించి కొలిపించండి. సెన్సారు లోపమా, అరుగుదలా, పెట్రోలు కలిసి ఆయిల్ పలచబడిందా తేలుతుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడును చెప్పిన గడువులో మార్చండి. హైవే మీద వేగంగా వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి, లేకపోతే టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

అంకె పెరిగితే మంచిదే అనుకోవడం మన అలవాటు. ఆ అంకె దేన్ని కొలుస్తోందో ముందు అడగమని నేర్పింది ఈ బడిలోని సైన్సు మాస్టార్లే.