పాటకు ప్రచారము

అచ్యుతాపురం ఆర్థిక మండలిలో పనిచేయు యువకులు కొందరు తీరికవేళ పాటలు కట్టుచున్నారనుకొనుడు. వారికి సినిమా కంపెనీల అండ లేదు, ఫోనే వేదిక. దళారి యొకడు వచ్చి, సొమ్మిచ్చినచో వేల అనుచరులను సమకూర్తుననును. ఆ అనుచరులకు పేర్లుండును గాని చెవులుండవు! కొత్త పాట మొదట చేరినవారు దానిని వినక విడిచినచో, యూట్యూబు దానిని ఇతరులకు చూపుట తగ్గించును. కొన్న గుంపు అట్లు పాటకే అడ్డమగును.

హైదరాబాదు చౌరస్తా బృందమువారు 2020 మార్చిలో, కరోనా భయము ముసిరిన దినములలో, కరచాలనము మానుడని తెలుగున పాడి యూట్యూబులో నుంచిరి. అక్కరకు వచ్చిన మాట గనుక జనమే దానిని ఒకరికొకరు పంపుకొనిరి. మన యువకులును అభ్యాసపు పాటను, తప్పిన తాళముతో సహా, అట్లే పెట్టవచ్చును. విన్నవారు వ్రాసిన నాలుగు మాటలకు తామే బదులీయవలెను.