తిప్పి చూడు, పీకి చూడు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 మనకు పండుగ రోజు. మన మన్యంలో ఇది పుట్టగొడుగుల కాలం కూడా. వానలు పడ్డాక ఏ వారపు సంతకు వెళ్లినా అడ్డాకు డొప్పల్లో పుట్టగొడుగులు పెట్టుకుని మన ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. సంస్కృతి అంటే థింసా ఆట ఒక్కటే కాదు. ఆ డొప్పలో ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో తెలిసిన కన్ను కూడా మన సంస్కృతే. ఆ కన్ను గురించే ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నేను విశాఖపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక వానాకాలం ఆదివారం, ఆటస్థలం గడ్డిలో అరచేయంత తెల్లటి గొడుగులు లేచి కనిపించాయి. "మా ఊళ్లో ఇవే తింటాం" అని గొప్పగా చెప్పి, గదిలో కూర వండి నలుగురం తిన్నాం. రెండు గంటలు తిరగకుండానే వాంతులు, విరేచనాలు. రాత్రంతా ఆసుపత్రిలో సెలైన్లు. ఎలాగో బతికి బయటపడ్డాం.

సెలవులకు ఇంటికి వెళ్లి చెబితే నాయనమ్మ తిట్టలేదు. నాలుగే ప్రశ్నలు అడిగింది. "ఒరే, అక్కడ పుట్ట ఉందా? పీకి చూసేవా? తిప్పి చూసేవా? ఎవరినైనా అడిగేవా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నేను చూసింది పైనున్న తెల్లరంగు ఒక్కటే.

తర్వాత బడిలో జీవశాస్త్రం చెప్పేటప్పుడు నాకు అర్థమైంది, శాస్త్రం అడిగేవి కూడా ఆ ప్రశ్నలేనని. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, పుట్ట ఉందా? పుట్టగొడుగు అన్న పేరులోనే మొదటి గుర్తు ఉంది. చెదపురుగులు పుట్ట లోపల ఒక రకం బూజును పెంచుకుంటాయి. మనం పోడు చేసుకున్నట్టే అవి చేసే సేద్యం అది. వానలకు ఆ బూజే నేల చీల్చుకుని గొడుగై లేస్తుంది. శాస్త్రంలో దీన్ని టెర్మిటోమైసిస్ అంటారు. ఇందులోనూ రకాలున్నాయి. కొన్ని అరచేయంత ఉంటాయి, కొన్ని వేలిగోరంత ఉండి వందల కొద్దీ గుంపుగా లేస్తాయి. పుట్ట చెడకపోతే ఏటేటా అదే చోట రావచ్చు. అందుకే పెద్దవాళ్లు పుట్టను తవ్వనివ్వరు. చెదలు లేకుండా దీన్ని షెడ్డులో పెంచడం ఇంతవరకు వ్యాపారంగా కుదరలేదు. సంతలో దానికున్న గిరాకీకి అదీ ఒక కారణం.

రెండోది, పీకి చూసేవా? పుట్ట మీద లేచే పెద్ద రకాలకు కాడ కింద పొడవాటి వేరులాంటి తోక ఉంటుంది. అది నేల లోపల చెదల గూటి దాకా దిగి ఉంటుంది. గొడుగు నడినెత్తిన మొన తేలి ఉంటుంది, మట్టిని పొడుచుకుని రావాలి కదా. ఇక అమానిటా అనే విష జాతిని పీకితే, అడుగున గుడ్డు పెంకు పగిలినట్టు ఒక సంచి ఉంటుంది. కొన్నింటిలో ఆ సంచి చిదిగి పొలుసుల్లా మిగులుతుంది. చాకుతో కాడ కోసేస్తే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది, ప్రాణం కాపాడే గుర్తును మనమే పాతిపెట్టినట్టవుతుంది. ఫోనులో పైనుంచి తీసిన ఫొటోలోనూ అది కనబడదు. కనుక కొత్తది దొరికితే పుల్లతో పక్కనుంచి తవ్వి, మొదలంటా తీసి చూడండి.

ఇంకా విచ్చుకోని మొగ్గ దొరికితే నిలువునా రెండుగా కోయండి. లోపల చిన్న గొడుగు బొమ్మ గీసినట్టు కనబడితే అది అమానిటా మొగ్గ కావచ్చు. లోపల నల్లబడిన గుండ్రటి వాటినీ పారేయండి.

మూడోది, తిప్పి చూసేవా? గొడుగు కింద పలచటి రెక్కలుంటాయి. పుస్తకాల్లో వాటిని మొప్పలు అంటారు. పుట్ట మీది గొడుగుకు అవి తెల్లగా మొదలై లేత గులాబీ ఛాయకు తిరుగుతాయి. గడ్డివాముల దగ్గర వచ్చే వరిగడ్డి పుట్టగొడుగుకు ముదిరేకొద్దీ గులాబీ రంగు బాగా తేలుతుంది. అమానిటాకు సాధారణంగా చివరిదాకా తెలుపే. ఆటస్థలంలో నేను కోసింది క్లోరోఫిల్లమ్ మాలిబ్‌డైటిస్ అయి ఉండాలి. దాని రెక్కలు లేతలో తెల్లగా ఉండి, ముదిరాక పాచిరంగుకు తిరుగుతాయి. ఆ రోజు మాలో ఒకడు "కింద పచ్చగా ఉందేంట్రా" అన్నాడు కూడా. నేను వినలేదు.

రంగు తేలకపోతే ఒక పని చేయండి. కాడ తీసేసి, గొడుగును సగం తెల్లకాగితం మీద, సగం నల్లకాగితం మీద పడేలా బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి పొడి రాలి అచ్చు పడుతుంది. తెల్లటి అచ్చు అమానిటాకు, గులాబీ ఛాయ పుట్టగొడుగుకు, ఆకుపచ్చ నేను తిన్నదానికి.

కాడకు ఉంగరంలాంటి పొర ఉందేమో కూడా చూడాలి. అయితే ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. పుట్ట మీది రకాల్లోనూ ఉంగరం ఉన్నది ఉంది. వరిగడ్డి రకానికి అడుగున సంచి ఉంటుంది, ఉంగరం ఉండదు. కానీ తెల్ల రెక్కలు, ఉంగరం, సంచి మూడూ ఒకేచోట కనబడితే ఇంక ఆలోచన వద్దు. వదిలేసి, చెయ్యి కడుక్కోండి.

నాలుగోది, అడిగేవా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. నేను ఇంతసేపు చెప్పిన గుర్తులన్నీ వదిలేయడానికి పనికొస్తాయి, తినడానికి చాలవు. తినాలంటే ఆ అడవిలో, ఆ రకాన్ని ఏళ్ల తరబడి కోసి వండిన మనిషి ఒకరు కళ్లతో చూసి "ఇది మనదే" అనాలి. వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, వెల్లుల్లి వేస్తే తెలుస్తుందని, పురుగు తిన్నది మనమూ తినొచ్చని అంటారు. అవేవీ నమ్మకండి. మనల్ని చంపే అమానిటాను పురుగులు హాయిగా తింటాయి. ఉడికించినా, ఎండబెట్టినా దాని విషం పోదు.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు. ఆ తోటల్లోని ఆదివాసీల పూర్వీకులు బ్రిటిషు కాలంలో ఛోటానాగ్‌పూర్ నుంచి, ఒడిశా నుంచి, మన ఆంధ్ర వైపు నుంచి కూడా కూలికి వెళ్లినవారే. తాతల అడవి ఒకటి, మనవలు బతికే చోటు ఇంకొకటి. మీరు కూడా చదువుకనో పనికనో హైదరాబాదుకో బెంగళూరుకో వెళతారు. మన కన్ను మన అడవిలోనే పనిచేస్తుంది. అక్కడ గడ్డిలో తెల్లగొడుగు కనబడితే నన్ను గుర్తు చేసుకోండి.

పొరపాటున ఎవరైనా తిని జబ్బుపడితే, మిగిలిన కూరను, తొక్కలను కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. తిన్న 6 గంటలు దాటాక వాంతులు మొదలైతే అది మరీ ప్రమాదం. అమానిటా విషం అలా ఆలస్యంగానే బయటపడుతుంది. మర్నాడు తేరుకున్నట్టు కనిపిస్తుంది గానీ, లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. డోలీ కట్టి దించాల్సిన ఊళ్లు మనకింకా ఉన్నాయి. "తగ్గింది కదా" అని ఆగితే దారిలోనే పొద్దుపోతుంది. 108కి వెంటనే ఫోను చేయండి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. ఈ వానాకాలం వెళ్లేలోగా మీ అవ్వతోనో నాయనమ్మతోనో ఒక్కసారి అడవికి వెళ్లండి. ఆమె చూపించిన ప్రతి రకానికీ ఐదు ఫొటోలు తీయండి: పైభాగం, కిందిభాగం, కాడ, మొదలు, అది మొలిచిన చోటు. ఆమె దాన్ని మన భాషలో ఏ పేరుతో పిలుస్తుందో ఆమె గొంతుతోనే రికార్డు చేయండి. పుస్తకాల్లో దొరకని పేర్లు అవి.

మా నాయనమ్మ పేర్లు నేను రాసుకోలేదు. ఆ నాలుగు ప్రశ్నలు మాత్రం మిగిలాయి. అవి ఈ రోజు మీకు అప్పగిస్తున్నాను.

సెలవు. జై ఆదివాసీ.