పెరటిలో నేలసంపెంగ

(ఉపన్యాస పాఠము)



వేసవి పెరటికి మల్లె రాణి. ఆ మల్లె వెనుకబడు వేళకు పెరటిని పరిమళముతో నింపి, వానకాలమంతయు పూచెడి మొక్క నేలసంపెంగ. దీనిని కొందరు లిల్లీ యందురు. హిందీలో రజనీగంధ, రాత్రివేళ సువాసన హెచ్చుటచేత ఆ పేరు సార్థకము. పూజలలోను, పెండ్లి దండలలోను ఇంతగా కలిసిపోయినను దీని పుట్టిల్లు మెక్సికో దేశము. 1753లో లిన్నేయసు పండితుడు దీనికి శాస్త్రనామ ముంచెను. నేటి వృక్షశాస్త్రజ్ఞులు దీనిని కిత్తనార జాతిలో చేర్చిరి.

దీనిని దుంపలతో పెంచుట వాడుక. గట్టిగా, కదురువలె మొనదేలి, అంగుళమునకు దగ్గరగా లావుగల దుంప మేలు. మరీ చిన్నవి నాటినచో తొలియేడు ఆకులే గాని పూవులుండవు. బెంగుళూరునందలి భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వెలువరించిన రకములలో శృంగార్, ప్రజ్వల్ అనునవి ఒంటిరేకువి, దండలకు తగినవి. సువాసిని, వైభవ్ అనునవి ముద్దపూలు. కాడతో కోసి నీటిలో నుంచుటకు తగినవి.

మాఘ ఫాల్గుణములు నాటుటకు అనువైనవి. ఎండ బాగుగా తగులు చోట నేలను జానెడు లోతు గుల్లచేసి, చివికిన పెంట ఎరువు కలిపి, జానెడెడముగా, రెండంగుళముల లోతున దుంపలను పాతవలెను. మొలక కనబడువరకు నీరు మితముగా పోయవలెను. ఇచ్చటనే పెక్కుమంది పొరబడుదురు. ఎండలకు దుంప ఎండునని తలచి దినదినము కడవలు కుమ్మరింతురు, దుంప క్రుళ్లును. మొలచిన పిమ్మట వేసవిలో వారమునకు ఒకటి రెండు తడులు చాలును. వానకాలమున మడిలో నీరు నిలువరాదు. నాటిన మూడు నెలలకు పూలకాడ వెలువడును.

రెండు మూడేండ్లు విరివిగా పూచిన కుదురు పిదప ఆకులు మాత్రమే వేయును. గొడ్డుపోయినదని ఇల్లాండ్రు దానిని పెరికి పారవేయుదురు. ఇది తగదు. ఒకమారు పూచిన దుంప మరల పూయదు; దాని ప్రక్కల పుట్టిన పిల్లదుంపలు పెరిగి పూచును. అవి ఒకే గుంటలో ఇరుకుపడగా దేనికిని బలము చాలదు. కావున మూడవయేట పుష్యమాసమున ఆకులు పచ్చబారగనే నీరాపి, కుదురు త్రవ్వి, మన్ను దులిపి, దుంపలను నీడలో ఆరబెట్టవలెను. రెండు మూడు దినములకొకసారి త్రిప్పుచు నాలుగైదు వారములు విశ్రాంతి నీయవలెను. పెద్దవానిని క్రొత్త మడిలో నాటి, చిన్నవానిని వేరుగా ఏడాది పెంచవలెను. మెత్తబడినవానిని, బూజు పట్టినవానిని కాల్చివేయవలెనే గాని ఇతరుల కీయరాదు. వేళ్లపై ముడులు కనబడిన మడిలో మరల నాటరాదు.

ఇట్లు విడదీసినచో పది దుంపలు గల ఇంట మూడేండ్లకు ఇరుగుపొరుగునకు పంచగలిగినన్ని యగును. మాఘమాసమున పుస్తకములకై గ్రంథాలయమునకు వచ్చు చందాదారులు మిగిలిన దుంపలను కూడ తెచ్చి ఇచ్చిపుచ్చుకొనినచో, పూలు కొననక్కరలేని ఇండ్లు గ్రామమున ఏటేట పెరుగును.