పరిచయకర్త సంతకం: మెక్సికో కొత్త గొంతులు

(స్టాఫ్ రిక్రియేషన్ క్లబ్ కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మెక్సికోలో కొత్తగా పాడుతున్నవాళ్ల గురించి మాట్లాడతానంటే క్లబ్ కార్యదర్శి గారు ఒక్క క్షణం ఆలోచించి, "రికవరీ గురించి కాదు కదా, అదే పదివేలు" అన్నారు. రికవరీ గురించి కాదు గానీ, బ్యాంకు ముచ్చట ఒకటి చెప్పకుండా ఇందులోకి వెళ్లలేను.

సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు ఖాతా తెరవాలంటే, అప్పటికే మన దగ్గర ఖాతా ఉన్నవాళ్లెవరో ఫారం మీద పరిచయకర్తగా సంతకం పెట్టాలి. కేవైసీ పత్రాలు వచ్చాక ఆ సంతకం పోయింది. పాటల విషయంలో మాత్రం నాకు ఆ పాత పద్ధతే నచ్చుతుంది. ఫోనులో యాప్ తనంతట తాను వినిపించే పాటలన్నీ ఇప్పటికే లక్షలమంది వింటున్నవి. గుంపు ఎటుంటే అటే మనల్నీ తోస్తుంది. అలా కాకుండా, ఎవరు ఎవరిని పిలిచి పక్కన నిలబెట్టుకుని పాడించారు, ఎవరి రికార్డులో ఎవరు వాయించారు అని చూసుకుంటూ వెళితే, ఒక గొంతు ఇంకో గొంతును పరిచయం చేస్తుంది. మెక్సికో పాటల్లోకి నేను వెళ్లిన దారి అదే. ఇవాళ మిమ్మల్నీ ఆ దారినే తీసుకెళతాను.

ముందుగా ఒక మాట. స్పానిష్ పాటంటే మన పిల్లలు 'దెస్పసీతో' అంటారు. అది పాడిన లూయిస్ ఫోన్సీది ప్యూర్టో రికో. షకీరాది కొలంబియా. 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు దాన్ని బాలీవుడ్ పాట అన్నవాళ్ల మీద మనకు ఒళ్లు మండింది కదా, వీళ్లను మెక్సికో గాయకులంటే అక్కడివాళ్లకూ అంతే.

మెక్సికోలో కుర్రకారు స్పానిష్‌లో పాడటం వెనక కూడా ఒక కథ ఉంది. 1960ల తొలి రోజుల్లో అక్కడి రాక్ బృందాలు అమెరికా పాటలకు స్పానిష్ మాటలు కట్టి పాడేవి. తర్వాత ఇంగ్లీషులోనే సొంత పాటలు రాసుకున్నాయి. 1971 సెప్టెంబరులో అవాందరో అనే చోట పెద్ద రాక్ ఉత్సవం జరిగింది. ఊహించనంత మంది యువకులు వచ్చారు. ప్రభుత్వం బెదిరిపోయి రాక్ కచేరీల మీద ఆంక్షలు పెట్టింది, రేడియోలు ఆ పాటలు ఆపేశాయి. దాదాపు పదిహేనేళ్లు ఆ సంగీతం నగరాల శివార్లలోని షెడ్లలో బతికింది. మళ్లీ 1980ల చివర్లో బయటికొచ్చినప్పుడు దాని నినాదం 'నీ భాషలో రాక్'. 1994లో కఫే తకూబా అనే బృందం 'రె' అనే ఆల్బంలో ఊళ్లలోని జానపద బాణీలన్నీ రాక్‌లో కలిపేసింది. ఇవాళ్టి పిల్లలు ఆ తలుపు తెరిచాక లోపలికి వచ్చినవాళ్లు.

ఇక మన మొదటి పరిచయకర్త. 'కోకో' సినిమా ఇక్కడి పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. 2018లో దానిలోని పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ రాత్రి వేదిక మీద ఆ పాట పాడినవాళ్లలో ఒకరు నతాలియా లఫుర్‌కాద్. ఆమె కొత్త గాయని కాదు, 1984లో పుట్టారు, ఎన్నో అవార్డులున్నాయి. నేను ఆమె పేరు ఎత్తడానికి కారణం ఒక భూకంపం. 2017 సెప్టెంబరు భూకంపాల్లో వెరాక్రూజ్ రాష్ట్రంలోని హాల్తిపాన్ ఊళ్లో ఉన్న 'సోన్ హరోచో' కేంద్రం దెబ్బతింది. సోన్ హరోచో అంటే ఆ తీరప్రాంతపు జానపద సంగీతం. 'లా బాంబా' అందులోదే. దాని ముఖ్య వాయిద్యం హరానా, చిన్న గిటారులా ఉంటుంది. దాన్ని ఒకే చెక్క దుంగను తొలిచి చేస్తారు. ఒకే పనస దుంగ నుంచి వీణ తీసే మన బొబ్బిలివాళ్లు చూస్తే పని తెలిసినవాళ్లే అంటారు. ఆ కేంద్రాన్ని తిరిగి నిలబెట్టడానికి నతాలియా నిధుల కచేరీ పెట్టి, 'ఉన్ కాంతో పోర్ మెహికో' పేరుతో ఆల్బం చేశారు. 2020లో దానికి లాటిన్ గ్రామీలో ఆ ఏటి ఉత్తమ ఆల్బం బహుమతి వచ్చింది. సీఎస్ఆర్ అని మనం లెక్కరాసే పనికి ఇంతకన్నా మంచి నమూనా నేను ఎంబీఏ క్లాసులో చూడలేదు.

నతాలియా పెరిగింది అదే రాష్ట్రంలోని కోఅతెపెక్ అనే కాఫీ తోటల ఊళ్లో. ఆ ఊరి పేరు పట్టుకుని వెతికితే రెండో పేరు దొరుకుతుంది: సిల్వానా ఎస్త్రాదా. 1997లో అక్కడే పుట్టింది. తల్లిదండ్రులు తీగవాయిద్యాలు తయారుచేసేవాళ్లు. రంపం పొట్టు, జిగురు వాసనల మధ్య పెరిగిన పిల్ల అన్నమాట. హలాపా నగరంలోని విశ్వవిద్యాలయంలో జాజ్ చదువు మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి పాటల్లోకి వచ్చింది. ఆమె చేతిలో ఉండేది క్వాత్రో, నాలుగే తీగల వెనెజులా వాయిద్యం. అమెరికా జాజ్ గిటారిస్టు చార్లీ హంటర్ ఆమెతో కలిసి 2017లో రికార్డు చేశాడు. ఆమె ఫారం మీద పరిచయకర్త సంతకం ఆయనదే అనుకోండి. 2022 జనవరిలో 'మార్చీతా' అనే సొంత ఆల్బం వచ్చింది. డప్పుల హోరు లేదు. ఒక గొంతు, కొన్ని తీగలు, వాటి మధ్య నిశ్శబ్దం.

ఆ ఏడాది నవంబరులో లాటిన్ గ్రామీలో 'ఉత్తమ నూతన కళాకారుల' బహుమతి ఇద్దరికి సమానంగా వచ్చింది. ఒకరు పాతికేళ్ల సిల్వానా. ఇంకొకరు ఆంహెలా ఆల్వారెస్, వయసు 95. క్యూబాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మామ్మగారు. చిన్నప్పుడు గాయని అవుతానంటే తండ్రి ఒప్పుకోలేదట. పాటలు రాసుకుని ఇంట్లోవాళ్లకే పాడుకుంటూ బతికారు. సంగీత దర్శకుడైన మనవడు వాటిని రికార్డు చేయించాడు. ముందు వరుసలోని మిత్రులు గమనించాలి, నూతన కళాకారులకు రిటైర్‌మెంట్ వయసు లేదు.

ఇంతవరకూ తీయగా ఉంది. ఇక చేదు సంగతి.

మీ పిల్లల ఫోనులో ఈ మధ్య ట్రాంబోన్ మోతతో, బొంగురు గొంతుతో ఒక స్పానిష్ పాట వినిపించి ఉంటే అది పెసో ప్లూమాది అయి ఉండొచ్చు. 1999లో హలిస్కో రాష్ట్రంలో పుట్టిన కుర్రాడు. పెసో అంటే మన ఫారెక్స్ డెస్క్ వాళ్లకు కరెన్సీ. అసలు అర్థం బరువు. పెసో ప్లూమా అంటే బాక్సింగ్‌లో ఫెదర్‌వెయిట్. 2023లో ఎస్లబోన్ అర్మాదో బృందంతో కలిసి అతను పాడిన 'ఎల్యా బైలా సోలా' అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో నాలుగో స్థానానికి చేరింది. మెక్సికో ప్రాంతీయ బాణీకి అంతకుముందు దక్కని స్థానం అది. 'ఆమె ఒంటరిగా నాట్యం చేస్తోంది' అని ఆ పేరుకు అర్థం. ఆ పాటలో తప్పేమీ లేదు.

అయితే ఈ కుర్రాళ్లు పాడే సంప్రదాయం పేరు కొరీదో. అది కథ చెప్పే పాట, మన బుర్రకథకు దూరపు చుట్టం. 1910 విప్లవకాలంలో వీరుల కథలు ఊరూరా మోసుకెళ్లింది అదే. తర్వాతి తరాల్లో విప్లవ వీరుల స్థానంలోకి మాదకద్రవ్యాల ముఠా నాయకులు వచ్చి కూర్చున్నారు. పాడేవాడికీ క్షేమం లేదు. ఆ పాటలకు పేరుబడ్డ చాలినో సాంచెస్‌ను 1992లో కాల్చి చంపారు. 2023లో పెసో ప్లూమాకు తిహువానా నగరంలో బెదిరింపు బ్యానర్లు కడితే కచేరీ రద్దయింది. తర్వాత ఆ నగర పాలకులు ముఠాలను పొగిడే పాటలు బహిరంగంగా పాడితే జరిమానా అన్నారు. వేల మంది మాయమైపోయిన దేశంలో ఆ పాటలకు చప్పట్లు కొట్టడం గురించి అక్కడి ఇళ్లలోనే వాదనలు నడుస్తున్నాయి.

నిషేధంతో పాట ఆగుతుందని నేననుకోను. అవాందరో తర్వాత ఆగలేదు కదా. కానీ భాష తెలియదన్న సాకుతో, ఎవరిని పొగుడుతున్నారో తెలుసుకోకుండా ఇంట్లో మోగించడం కూడా నాకు సమ్మతం కాదు. మా ఇంట్లో నిబంధన ఒకటే. పాట నచ్చితే దాని అర్థం కనుక్కుని అన్నం దగ్గర అందరికీ చెప్పాలి. ఆ ఒక్క షరతుతో కొన్ని పాటలు వాటంతటవే ఫోనులోంచి వెళ్లిపోయాయి.

ఆ వాదనకు జవాబు పాటలోనే ఇచ్చిన మనిషి వివిర్ కింతానా. ఉత్తరాన కోఅవీలా రాష్ట్రం ఆమెది. 2020 మార్చి 7న, మహిళా దినోత్సవానికి ముందు రోజు, మెక్సికో నగరం నడిబొడ్డున ఉన్న సోకలో మైదానంలో చిలీ గాయని మోన్ లఫెర్తె కచేరీ. స్త్రీల హత్యల మీద ఒక పాట రాయమని మోన్ ఆమెను అడిగింది. వివిర్ రాసింది. మహిళల బృందగానంతో వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. 'కాన్సియోన్ సిన్ మియెదో', అంటే 'భయం లేని పాట'. అప్పటివరకూ పెద్దగా ఎవరికీ తెలియని పేరు ఆమెది. కొద్ది రోజుల్లోనే ఆ పాటను లాటిన్ అమెరికా దేశాల్లో స్త్రీలు తమ తమ మాటలు చేర్చుకుని ఊరేగింపుల్లో పాడటం మొదలుపెట్టారు. అయిదేళ్ల తర్వాత ఆమె ఇంకో అడుగు వేసింది. తమను హింసించినవాళ్లను ఆత్మరక్షణలో చంపి జైలుకెళ్లిన స్త్రీల కథలను కొరీదోలుగా కట్టి 2025లో ఆల్బం తెచ్చింది. ముఠా నాయకులు ఆక్రమించిన బాణీని వెనక్కి లాక్కోవడమంటే ఇదే.

సిల్వానా కూడా ఈ విషయం మీద పాడింది. 2017లో మెక్సికో నగరంలోని జాతీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక యువతి చనిపోయి కనిపించింది. ఆమె తాగేదని, చదువు మానేసిందని అధికారుల కార్యాలయం సోషల్ మీడియాలో రాసింది. దానికి బదులుగా వేల మంది స్త్రీలు, 'నన్ను చంపితే నా గురించి మీరేం రాస్తారు' అన్న అర్థంలో తమ జీవితాల గురించి రాసుకున్నారు. సిల్వానా పాట పేరు 'సీ మె మాతాన్', 'నన్ను చంపితే' అని. అరుపు లేదు, జోలపాటంత మెల్లగా ఉంటుంది. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు ఒంటరిగా కూర్చుని వినండి.

వివిర్ నుంచి ఇంకో పరిచయం. 2022లో వచ్చిన 'బ్లాక్ పాంథర్' రెండో సినిమాలో ఆమెతో కలిసి పాడిన మారే అద్వెర్తెన్సియా లీరికా ఓఆహాకా రాష్ట్రపు సపోతెక్ తెగ రాపర్. అదే సినిమాలో పాట్ బాయ్ అనే యువకుడు మాయా భాషలో పాడాడు. మెక్సికోలో 68 ఆదివాసీ భాషా సముదాయాలున్నాయి. మనకు స్పానిష్ వాళ్ల మాతృభాషలా కనిపిస్తుంది. సపోతెక్, మాయా ఇళ్లలో మాత్రం అది బయటి నుంచి వచ్చి కూర్చున్న భాష. తెలుగు పత్రికను పట్టుదలగా నడుపుకుంటున్న మనకు ఇది వివరించనక్కర్లేదు.

అన్నీ బరువైనవే కావు. చివావా రాష్ట్రంలోని పక్కపక్క ఊళ్ల నుంచి ఎద్ మావెరిక్, కెవిన్ కార్ల్ అని ఇద్దరు కుర్రాళ్లు పడకగదుల్లోంచి బయలుదేరారు. 2018 నాటి ఎద్ ఆల్బం పేరుకు అర్థం 'నీ గదిలో ఏడ్చుకోవడానికి పాటలు'. కెవిన్ పక్కన ట్రంపెట్ వాయించేది కవల సోదరుడే. ప్రేమ విఫలమైన ఇంటర్మీడియట్ కుర్రాళ్లకు పనికొస్తాయి, మిగతావాళ్లకు వర్షం పడుతున్నప్పుడు.

భాష రాదు కదా అంటారు. తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. స్పానిష్‌లో అచ్చులు అయిదే, దాదాపు రాసినట్టే పలుకుతారు. వాళ్ల 'త', 'ద' ఇంగ్లీషువాళ్ల 'ట', 'డ' కాదు, అచ్చంగా మనవే. మనం అక్షరమాలలో నేర్చుకుని మళ్లీ విడిగా పెద్దగా వాడని 'ఞ' వాళ్లకు రోజూ కావాలి, చిన్న పిల్లను 'నీఞా' అంటారు. పాట మాటలను తెలుగు లిపిలో రాసుకుని చూడండి, మూడోసారికి గొంతు కలుపుతారు. మా ఇంట్లో ఎనభై దాటిన అత్తగారు కలిపారు.

ఇప్పుడు స్పీకర్లు సిద్ధంగా ఉన్నాయట. మూడు పాటలు వినిపిస్తాను. మొదట హరానా చప్పుడు తెలియడానికి హాల్తిపాన్ కేంద్రం కోసం చేసిన ఆల్బంలోంచి ఒకటి. తర్వాత సిల్వానా 'మార్చీతా'. వాడిపోయినది అని దాని అర్థం. చివర 'కాన్సియోన్ సిన్ మియెదో'. దాని పల్లవి దగ్గర సోకలో మైదానంలో అందరూ లేచి నిలబడ్డారని కాదు గానీ, వెనక కుర్చీలవాళ్లకు సరిగా వినపడాలంటే ముందుకు రండి. ఆ ఫ్యాన్లు కొంచెం తగ్గిస్తారా?